విశాఖ నుంచి డల్లాస్‌కి ఎన్ని గంటలు? దూరం లెక్కలు చెప్పే సైట్ మీద నా రివ్యూ

మా పర్లాకిమిడి, పాతపట్నం వైపు పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్ళు బాగా పెరిగాయి. ప్రయాణం అనగానే పెద్దవాళ్ళు ముందు అడిగేది ఒకటే, విమానంలో ఎన్ని గంటలు కూర్చోవాలి అని. రెండు ఎయిర్‌పోర్టుల పేర్లు కొడితే దూరం, సమయం చెప్పే ఉచిత సైట్ ఒకటి ఉంది, మా పెద్దమ్మని డల్లాస్ పంపే పనిలో దాన్ని బాగా వాడాను. దూరానికి పూర్తి మార్కులు వేస్తాను, సమయానికి సగం కూడా వేయలేను.

విశాఖ నుంచి డల్లాస్‌కి 14,400 కిలోమీటర్లకి కాస్త తక్కువ చూపిస్తుంది, మ్యాపులో గీత నిటారుగా ఉత్తర ధ్రువం మీదకి పోతుంది. అది తప్పు కాదు. విశాఖ 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, డల్లాస్ 97 డిగ్రీల పడమర మీద, రెండూ కూడితే 180, అంటే డల్లాస్ మనకి భూమి అవతలి వైపు రేఖ మీదే ఉంది, అందుకే దగ్గరి దారి ధ్రువం మీదుగా పడుతుంది. ఇక్కడి నుంచి ధ్రువానికి 72 డిగ్రీలు, అక్కడి నుంచి డల్లాస్‌కి 57, డిగ్రీకి 111 కిలోమీటర్లు వేసుకోండి, కాగితం మీద కూడా లెక్క సరిపోతుంది. నాకైతే ఇది చూసి చాలా సంతోషం వేసింది.

సమయం దగ్గరే వచ్చింది చిక్కు. ఆ దూరాన్ని గంటకి 850, 900 కిలోమీటర్ల వేగంతో భాగించి 16, 17 గంటలు అని చెప్పేస్తుంది, కానీ విశాఖ నుంచి డల్లాస్‌కి నేరుగా విమానమే లేదు! హైదరాబాద్, దుబాయ్ మీదుగా వెళ్తే దూరం 16,000 దాకా అవుతుంది, అంటే పెరిగింది 1,600 మాత్రమే, గంటలు మాత్రం దాదాపు రెట్టింపు. దుబాయ్ నుంచి డల్లాస్ విమానమే 16 గంటలు పడుతుంది. దానికి ముందు రెండు విమానాలు, మధ్యలో ఎదురుచూపులు, అన్నిటికంటే ముందు ఇంటి నుంచి విశాఖకి మూడు నాలుగు గంటల కారు ప్రయాణం, అన్నీ కలిపితే 30 గంటలు దాటుతుంది.

గాలి సంగతీ పట్టించుకోదు. పైన పడమర నుంచి తూర్పుకి బలమైన గాలి వీస్తుంది కాబట్టి డల్లాస్ నుంచి దుబాయ్ వచ్చేటప్పుడు గంటకి పైగా తగ్గుతుంది, సైట్ మాత్రం రానూ పోనూ ఒకే సమయం చూపిస్తుంది.

టైమ్ తేడా మాత్రం సరిగ్గానే ఇస్తుంది, చలికాలంలో పదకొండున్నర గంటలు, వాళ్ళు వేసవికి గడియారం ముందుకు జరుపుతారు కనుక అప్పుడు పదిన్నర. ఇది పనికొస్తుంది, ఎందుకంటే టికెట్ మీద ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే రాసి ఉంటుంది, అది చూసి నేరుగా తీసివేత చేస్తే లెక్క తప్పుతుంది.

"నేరుగా విమానం లేదు" అన్న ఒక్క లైను ఆ గంటల పక్కన పెడితే చాలు, సైట్ వాళ్ళకి నేను రాసింది కూడా అదే. మా పెద్దమ్మకి షుగర్, ఇన్సులిన్ తీసుకుంటుంది. ఎప్పుడు తినాలి, ఏ పూట డోసు ఎంత అని డాక్టర్ని అడగాలంటే ఇల్లు వదిలిన దగ్గర్నుంచి కూతురింటికి చేరేదాకా గంటలు కావాలి, 17 అని చెప్పి అడిగితే ఆయన చెప్పేదీ ఆ 17 గంటలకే సరిపోతుంది. మీ ఇంట్లోనూ అలాంటి వాళ్ళుంటే గంటలు టికెట్ చూసి కూడుకోండి, ఇన్సులిన్ డాక్టర్ చీటీతో సహా చేతి బ్యాగులోనే పెట్టండి, చెకిన్ సామానులో వేయొద్దు.