లాప్‌టాప్ చార్జింగ్ ఎక్కకపోతే: ముందు మార్చాల్సింది అడాప్టరా, బ్యాటరీయా?

చార్జింగ్ ఎక్కడం లేదనగానే నేను చేసిన మొదటి పని కొత్త బ్యాటరీ కొనడం. డబ్బు పోసి దాన్ని బిగించాక కూడా తెరమీద అదే మాట: ప్లగ్ పెట్టారు, చార్జ్ కావడం లేదు. చివరికి తేలిందేమిటంటే, అడాప్టర్ పిన్ను మధ్యలో ఉండే సన్నని సూది వంగిపోయింది. కొన్ని కంపెనీల అడాప్టర్లలో ఆ సూది పని కరెంటు మోయడం కాదు, ఇది ఎన్ని వాట్ల అడాప్టరో లాప్‌టాప్‌కు చెప్పడం. ఆ కబురు అందకపోతే లాప్‌టాప్ నడుస్తుంది కానీ బ్యాటరీని నింపదు, పైగా వేగమూ తగ్గించుకుంటుంది.

అందుకే నా ఓటు ముందు అడాప్టర్‌కే. అదే రకం అడాప్టర్ ఎవరి దగ్గరైనా ఉంటే అడిగి ఒక గంట పెట్టి చూడండి. చార్జ్ ఎక్కితే బ్యాటరీ జోలికి పోనవసరం లేదు. ఎక్కకపోతే చార్జింగ్ సాకెట్ వదులైందేమో చూసి, ఆ తర్వాతే బ్యాటరీని అనుమానించాలి. ఒక్క మినహాయింపు: టచ్‌ప్యాడ్ పైకి ఉబికినట్టు కనిపిస్తే ఆ పరీక్షలేవీ వద్దు. లోపల బ్యాటరీ ఉబ్బింది. వాడకం ఆపి తీయించాల్సిందే.

మరి ఒరిజినల్ అడాప్టరా, చవకదా? రెండింటి మీదా 19.5 వోల్టులు, 4.62 ఆంపియర్లు, అంటే 90 వాట్లు అనే రాసి ఉండవచ్చు. చేతిలోకి తీసుకోండి. చవకది దూదిపింజలా తేలిపోయిందంటే లోపల ఉండాల్సిన భాగాలు కొన్ని లేవేమోనని అనుమానించాలి. అలాంటిది పెట్టినప్పుడు మౌస్ బాణం దానంతటదే గెంతడం నేను చూశాను. అడాప్టర్ విషయంలో పిసినారితనం వద్దు, ఒరిజినలే మేలు. వోల్టులు సరిగ్గా కలవాలి. ఆంపియర్లు ఎక్కువున్నా నష్టం లేదు, తక్కువైతేనే చిక్కు. టైప్-సి లాప్‌టాప్ అయితే వోల్టుల సంగతి అడాప్టర్, లాప్‌టాప్ మాట్లాడుకుని తేల్చుకుంటాయి కాబట్టి సరిపడా వాట్లున్న మంచి కంపెనీది ఏదైనా చాలు. కేబుల్ మాత్రం చూసుకోండి, మామూలుది 60 వాట్లు దాటనివ్వదు.

బ్యాటరీ దగ్గర నా మాట మారుతుంది. ఏడెనిమిదేళ్ల మోడల్‌కు దొరికే ఒరిజినల్ బ్యాటరీ ఏళ్ల తరబడి డబ్బాలో పడి ఉన్నదే కావచ్చు. లిథియం సెల్ వాడకపోయినా ముసలిదవుతుంది. అంతకంటే ఈ మధ్యే తయారై, వారంటీ ఉన్న వేరే కంపెనీది నయం. 10.8 వోల్టుల స్థానంలో 11.1 వోల్టులది పెట్టవచ్చు, రెండూ మూడు సెల్‌ల వరుసలే. 14.8 వోల్టులది కుదరదు.

నా పాత బ్యాటరీని మళ్లీ బిగించి విండోస్ బ్యాటరీ నివేదిక తీశాను. 48 వాట్-అవర్ల సామర్థ్యానికి ఇంకా 39 పట్టుకుంటోంది. కొత్తది సొరుగులో ఉంది, ముసలిదవుతూ.