జాగ్రత్త: క్లీనింగ్ పేరుతో నాస్‌లో ఫుల్ బ్యాకప్‌లు లేపేశారు

నాస్ బాక్స్ (నెట్‌వర్క్‌లో అందరి ఫైళ్లూ దాచే డిస్కుల పెట్టె) కొన్న షాపుకే ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్ట్) కూడా ఇచ్చిన ఆఫీసుల వాళ్లు ఇది తప్పకుండా చదవండి. ఏ షాపో ఇక్కడ చాలామందికి తెలుసు, పేరు రాయడం లేదు. మాది ఆడిట్ ఆఫీసు. నాస్‌లో రెండు 4 టీబీ డిస్కులు రెయిడ్ 1లో (ఒకదానిలో ఉన్నదే రెండోదానిలోనూ ఉండేలా) ఉన్నాయి, అన్ని కంప్యూటర్ల మాక్రియం ఇమేజ్‌లూ (మాక్రియం అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ తీసే మొత్తం డిస్క్ కాపీలు) ఒకే షేర్డ్ ఫోల్డర్‌లోకి వెళ్తాయి. డిస్క్ నిండిపోయిందని మెసేజ్ వస్తుంటే చూడమని పిలిచాం.

వచ్చినతను ఫోల్డర్ తెరిచి, డేట్ ప్రకారం సార్ట్ చేసి, పాతవన్నీ సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టాడు. ఒక్కోటి 180 జీబీ దాకా ఉన్న ఫైళ్లు, పేరు చివర 00-00 అని ఉన్నవి. అంటే ఫుల్ బ్యాకప్‌లు! మిగిల్చినవి 01-01, 02-02 అంటూ రెండు మూడు జీబీల ఇంక్రిమెంటల్స్. "కొత్తవి ఉంచాను కదండీ" అంటాడు. ఆ కొత్తవాటిలో ఉండేది ముందటి బ్యాకప్ తర్వాత మారిన బ్లాకులు మాత్రమే. ఫుల్ లేకపోతే రీస్టోర్ కాదు, ఇమేజ్ మౌంట్ (ఒక డ్రైవ్‌లా తెరిచి లోపలి ఫైళ్లు చూడడం) కూడా కాదు. పునాది తవ్వేసి పై అంతస్తులు ఉంచానన్నట్టుంది.

అంతటితో ఆగలేదు. నెట్‌వర్క్ ఫోల్డర్‌లో డిలీట్ చేసినవి మన పీసీ రీసైకిల్ బిన్‌లోకి రావు. మా నాస్ సినాలజీ కంపెనీది, అందులో ఒక్కో షేర్డ్ ఫోల్డర్‌కి విడిగా రీసైకిల్ బిన్ ఆన్ చేసుకోవచ్చు, మాకు ఆన్‌లోనే ఉంది. డిలీట్ చేసినా ఖాళీ పెరగలేదని దాన్ని కూడా ఊడ్చేశాడు. ఒక్క మాట అడగలేదు. సర్వీస్ షీట్ మీద "క్లీనింగ్ డన్" అని రాసి సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు.

ఒక కంప్యూటర్‌లో ఎస్ఎస్‌డీ పోయి రీస్టోర్ పెడితే సంగతి బయటపడింది. పాత ఏళ్ల ట్యాలీ డేటా అందులోనే ఉంది. ఓనర్‌కి ఫోన్ చేస్తే ఏమన్నాడో తెలుసా? "ఏఎంసీ హార్డ్‌వేర్‌కేనండీ, డేటా మీ బాధ్యత. అయినా అంత పాత ఫైళ్లతో మీకేం పని?"

ఒళ్లు మండిపోయింది. కంపెనీల చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలు 8 ఆర్థిక సంవత్సరాలు ఉంచాలి. జీఎస్టీ రికార్డులు వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు. ఆడిట్ ఆఫీసులకి నాస్‌లు అమ్మే మనిషి నోట్లోంచి రావాల్సిన మాటేనా అది? పైగా "రెయిడ్ ఉంది కదా" అట. రెయిడ్ 1 ఒక డిస్క్ చెడిపోతే కాపాడుతుంది, అంతే. డిలీట్ కొడితే రెండు డిస్కుల్లోనూ ఒకేసారి పోతుంది.

ఇలా జరిగిందని తెలిసిన వెంటనే షెడ్యూల్డ్ బ్యాకప్‌లు ఆపి, బాక్స్ షట్‌డౌన్ చేయండి. రాత్రి బ్యాకప్ ఆ ఖాళీలో రాసేస్తే రికవరీ వాళ్లకి ఇచ్చినా దొరికేది తక్కువ. ఆ డిస్కులు విండోస్ పీసీకి తగిలించినప్పుడు ఇనిషియలైజ్ అన్నా, ఫార్మాట్ అన్నా ఒప్పుకోకండి.

డ్రైవ్‌లో చోటు కావాలంటే ఎక్స్‌ప్లోరర్‌లో డిలీట్ చేయడం కాదు, మాక్రియంలోనే రిటెన్షన్ రూల్స్ (ఎన్ని బ్యాకప్‌లు ఉంచాలో చెప్పే సెట్టింగ్) పెట్టాలి. చేత్తో తీయక తప్పకపోతే ముందు కొత్త ఫుల్ తీసి, వెరిఫై చేసి, మౌంట్ చేసి అందులో ట్యాలీ ఫోల్డర్ ఉందో లేదో చూడండి. ఆ తర్వాత పాత సెట్ మొత్తం, ఫుల్‌తో సహా ఇంక్రిమెంటల్స్ అన్నీ కలిపి తీయాలి. మీరు పేర్లు మార్చకపోతే ఒక సెట్ ఫైళ్లన్నిటికీ మొదట్లో ఒకే పొడవాటి కోడ్ ఉంటుంది, దాన్ని బట్టి పోల్చుకోండి. నాస్‌లో స్నాప్‌షాట్లు (ఫోల్డర్ ఏ సమయానికి ఎలా ఉందో గుర్తుపెట్టుకునే కాపీలు) ఆన్‌లో ఉంటే డిలీట్ చేసినా అవి గడువు తీరేదాకా చోటు తిరిగి రాదు, అది చూసి కంగారుపడి ఇంకా ఇంకా తీసేయకండి.

ఏఎంసీ వాళ్లకి అడ్మిన్ పాస్‌వర్డ్ ఇవ్వొద్దు. బ్యాకప్ ఫోల్డర్‌లో రాసే హక్కు బ్యాకప్ అకౌంట్‌కి ఒక్కదానికే ఉంచండి. రెన్యూవల్‌కి వచ్చినప్పుడు, అడగకుండా ఏ ఫైలూ డిలీట్ చేయబోమని కాగితం మీద రాయించుకున్నాకే డబ్బులివ్వండి.