స్లయిడ్లను వీడియోతో కలపడం: టైమ్ లెక్కా, టాపిక్ ట్యాగా?

పాఠం వీడియో ఒక పక్క, స్లయిడ్లు ఇంకో పక్క నడవాలి. టైమ్ లెక్కలో 4:10కి ఏడో స్లయిడ్ అని ప్లేయర్ కోడ్‌లోనే రాసేస్తాం. ట్యాగ్ పద్ధతిలో వీడియోలోని ఏ ముక్కలో ఏ టాపిక్ ఉందో టైములతో సహా మెటాడేటా ఫైల్‌లో (వీడియో గురించిన వివరాలుండే విడి ఫైల్) రాసి, స్లయిడ్లకూ అవే పేర్లు తగిలిస్తాం.

ఖర్చు: రెండూ ఉచితమే.

శ్రమ: టైమ్ లెక్క ఒక్క కూర్చోవడంలో తేలిపోతుంది. ట్యాగులకు ముందే పేర్ల జాబితా కావాలి, కొంచెం విసుగు పనే. ఫార్మాట్ మాత్రం కొత్తది అక్కర్లేదు. సబ్‌టైటిల్స్‌కి వాడే వెబ్‌విటిటి ఫైల్‌నే మెటాడేటా ట్రాక్‌గా పెడితే అందులోని అక్షరాలు తెర మీద కనబడవు, పేజీలోని కోడ్ మాత్రం చదువుకుంటుంది.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. వీడియో మొదట్లో 20 సెకన్ల లోగో కోసేశారనుకోండి. టైమ్ లెక్కలో ప్రతి స్లయిడూ 20 సెకన్లు ఆలస్యం. ట్యాగుల్లోనూ టైములు జరపాల్సిందే, కానీ ఆ ఒక్క ఫైల్‌లోనే. స్లయిడ్ల జోలికి పోనక్కర్లేదు. అదే పాఠం తెలుగులో పన్నెండు నిమిషాలు, ఇంగ్లిష్‌లో తొమ్మిది నిమిషాలు వచ్చినా వీడియోకో ఫైల్ చాలు, స్లయిడ్లు అవే. ట్యాగులతో తలనొప్పి స్పెల్లింగ్. ఒకచోట ‘కిరణజన్య’, ఇంకోచోట ‘కిరణ_జన్య’ అని రాస్తే స్లయిడ్ రాదు, ఎర్రర్ కూడా చూపించదు.

ఒక్కసారి చూపించి వదిలేసే సెమినార్ వీడియోకి టైమ్ లెక్క చాలు. ఏటా ఎడిట్ చేసే పాఠాలకు, రెండు భాషల్లో పెట్టేవాటికి, టాపిక్ పేరుతో వెతికే వీలు కావాలన్నా ట్యాగులే నయం.