పాత జాజ్ రికార్డులు కొనేవాళ్ళు జాగ్రత్త: నిగనిగలాడే ప్లేటు చూసి డబ్బు పంపకండి

ముందు అసలు విషయం చెప్తాను. పాత ఎల్పీ రికార్డులు అమ్ముతానని ఫోన్ చేసి, నాలుగు ఫోటోలు పంపి, డబ్బంతా ముందే వేయించుకున్న ఒక మనిషి చేతిలో పోయిన నెల నేను 22,000 రూపాయలు పోగొట్టుకున్నాను. కర్నూలు, నంద్యాల, అనంతపురం వైపు రికార్డులు కొనేవాళ్ళం తక్కువ, అందులో జాజ్ వినేవాళ్ళం మరీ తక్కువ. మనకు సరుకు ఊళ్ళో దొరకదు. హైదరాబాదుకో బెంగళూరుకో పోవాలి, లేదంటే ఫోటో చూసి నమ్మాలి. ఆ నమ్మే దగ్గరే దెబ్బ పడుతుంది కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

నేను కొనాలనుకున్నది డేవ్ బ్రూబెక్ క్వార్టెట్ అనే అమెరికా జాజ్ బృందం వాళ్ళ 'టైమ్ అవుట్'. 1959లో కొలంబియా కంపెనీ వేసిన ఎల్పీ. మా మామ డెబ్బైల్లో మద్రాసులో ఉద్యోగం చేసేటప్పుడు మూర్ మార్కెట్‌లో పాత పుస్తకాల కుప్పల మధ్య దాన్ని పట్టుకున్నాడు. ఆ మార్కెట్ 1985లో కాలిపోయింది. మామ సెలవులకు వస్తూ తెచ్చిన రికార్డులన్నీ కర్నూలు పాతబస్తీలో మా ఇంట్లోనే ఉండిపోయాయి. ఇంట్లో హెచ్ఎంవీ ఫియస్టా ప్లేయర్ ఉండేది. అమ్మ చిన్నప్పుడు సంగీతం నేర్చుకున్న మనిషి, ఇంగ్లీషు పాటలంటే లోపలికి వెళ్ళిపోయేది. ఒకరోజు బియ్యం ఏరుతూ కూర్చుంది, ఆ రికార్డులోని 'టేక్ ఫైవ్' పాట మొదలైంది. చేట ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళతో దాని అంచు మీద కొడుతూ "తకిట తక, తకిట తక... ఇది మన ఖండ చాపే కదరా, తిరగేసి వాయిస్తాండారు" అంది. నిజమే, కర్ణాటక సంగీతంలో ఆ తాళమూ ఐదు అక్షరాల లెక్కే. ఖండ చాపులో ముందు రెండు, తర్వాత మూడు. వీళ్ళది ముందు మూడు, తర్వాత రెండు. ఆ పాట కట్టింది బ్రూబెక్ కాదు, అందులో సాక్సోఫోన్ వాయించిన పాల్ డెస్మండ్. ఈ రికార్డు రాకముందు ఏడాదే, 1958లో, ఆ క్వార్టెట్ మన దేశానికి వచ్చి కచేరీలు చేసింది. ఆ సంగతి నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. నాకు జాజ్ పట్టుకున్నది మాత్రం చేట మీద అమ్మ వేసిన ఆ తాళంతోనే.

2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్ళోకి వచ్చాయి. అప్పుడు కర్నూల్లో ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. మేము మేడ మీదికి ఎక్కి బతికాం. కింద గదిలో చెక్క బీరువా బోర్లా పడింది. నీళ్ళు తీశాక తలుపు తోస్తే మోకాలి లోతు బురద. రికార్డుల అట్టలన్నీ ఉబ్బి, ఒకదానికొకటి అతుక్కుపోయాయి. నిజానికి వినైల్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ప్లేటుకు నీళ్ళతో ఏమీ కాదు, మంచి నీళ్ళతో మెల్లగా కడిగితే మళ్ళీ పాడుతుంది. పోయేది అట్ట, ఊడిపోయేది లేబుల్. అట్లా తొమ్మిది బతికించుకున్నాను. 'టైమ్ అవుట్' మీద బీరువా పడింది, మూడు ముక్కలైంది.

ఈ కథంతా పాత రికార్డుల వాళ్ళ గ్రూపులో మనసు విప్పి రాశాను. తప్పు అక్కడే మొదలైంది. మరుసటి రోజు పొద్దున్నే ఒకాయన ఫోన్ చేశాడు. బెంగళూరులో ఉంటానన్నాడు, మాట మన సీమ మాటే. "అన్నా, నీ మెసేజ్ చదివి కండ్లల్లో నీళ్ళు తిరిగినాయన్నా. మీ మామ రికార్డు మాదిరిదే నా దగ్గర ఉండాది. వేరేవాళ్ళు అడుగుతాండారు గానీ నీకే ఇయ్యాలని ఉంది" అన్నాడు. 1959 నాటి అమెరికా మొదటి ప్రెసింగ్, మోనో, సిక్స్ ఐ లేబుల్, నియర్ మింట్ అన్నాడు. అదొక్కటే 14,000. ఇంకో ఆరు జాజ్ ఎల్పీలు కలిపితే 22,000.

ఈ మాటలు కొత్తవాళ్ళకు అర్థం కావాలి కాబట్టి చెప్తాను. ప్రెసింగ్ అంటే ఒక విడతలో అచ్చు వేసిన కాపీలు. మోనో అంటే శబ్దమంతా కలిపి ఒకటే, స్టీరియో అంటే ఎడమ, కుడి విడివిడిగా. సిక్స్ ఐ అంటే, ఆ రోజుల్లో కొలంబియా ఎల్పీ లేబుల్ మీద ఎడమ మూడు, కుడి మూడు కన్ను బొమ్మలు ఉండేవి. అరవైల మొదట్లో ఆ లేబుల్ మారిపోయింది. డెబ్బైల్లో వచ్చినవాటికి ఎర్ర లేబుల్, చుట్టూ అంచు వెంబడి కంపెనీ పేరు తిరుగుతుంది. 'టైమ్ అవుట్' మోనో నంబరు సీఎల్ 1397, స్టీరియో నంబరు సీఎస్ 8192. నియర్ మింట్ అంటే దాదాపు కొత్తదే. వీజీ ప్లస్ అంటే అక్కడక్కడ సన్న గీతలున్నా వినడానికి ఇబ్బంది లేనిది. ఉత్త వీజీ అంటే చిటపటలు గట్టిగానే వినిపిస్తాయి. ఇక 'గుడ్' అని రాస్తే బాగుందని అనుకోకండి, రికార్డుల లెక్కలో గుడ్ అంటే బాగా అరిగిపోయింది అని.

ఆయన పంపిన ఫోటోల్లో లేబుల్ మీద ఆరు కళ్ళూ ఉన్నాయి, ప్లేటు అద్దంలా మెరుస్తోంది. అయినా వాయించి చూపించమని అడిగాను. 20 సెకన్ల వీడియో పంపాడు. ప్లేటు తిరుగుతోంది, ముల్లు దాని మీద ఉంది, 'టేక్ ఫైవ్' శుభ్రంగా వినిపిస్తోంది. ఆ రాత్రే డబ్బు వేసేశాను. ఫోన్‌పే శబ్దం విని మా ఆవిడ "ఎంత?" అంది. చెప్పాను. "మామ గుర్తు కదా, తీసుకో" అంది. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

నాలుగో రోజు బస్సు పార్శిల్‌లో వచ్చింది. ఏడు ఎల్పీలను కలిపి న్యూస్ పేపర్లో చుట్టి, మీద ఒక గోనె పట్టా కుట్టి పంపాడు. మధ్యలో ఒక్క అట్టముక్క లేదు. ముడి విప్పగానే రెండు వాసనలు ముక్కుకు తగిలాయి. ఒకటి కారు డ్యాష్‌బోర్డుకు రాసే పాలిష్ వాసన. రెండోది ఎండిన బురద వాసన. ఆ రెండోదాన్ని 2009 చూసినవాడెవడూ మరిచిపోడు. అట్టలు తీసి వరసగా పరిస్తే అన్నింటికీ కింది నుంచి మూడు వేళ్ళ ఎత్తులో గోధుమరంగు నీటి చార ఒకే మట్టంలో ఉంది. ఏ ఊరి నీళ్ళో తెలియదు, నీళ్ళలో నానిన సరుకని మాత్రం తెలిసిపోయింది. ఫోన్ తీసి ఆయన పంపిన ఫోటోలు మళ్ళీ చూశాను. నాలుగింటిలో ఒక్కదానిలోనూ అట్ట కింది అంచు లేదు.

'టైమ్ అవుట్' అట్ట మీద సీఎల్ 1397 అనే ఉంది. లోపలి ప్లేటు మీద ఎర్ర లేబుల్, పీసీ 8192. అంటే డెబ్బైల్లోనో ఆ తర్వాతో మళ్ళీ వేసిన స్టీరియో కాపీని పాత మోనో అట్టలో దూర్చాడు. సరే, పాట అదే కదా అని ప్లేయర్ మీద పెట్టాను. మొదటి పాట సగం అయ్యేసరికి సాక్సోఫోన్ గొంతు బొంగురుపోయింది, ఇంకాసేపటికి గరగర తప్ప ఏమీ లేదు. ప్లేయర్ చేయి ఎత్తి చూస్తే ముల్లు కొనకు బూడిదరంగు దూది ఉండలాగా పేరుకుపోయింది, ముట్టుకుంటే జిడ్డు. తెల్ల గుడ్డతో ప్లేటు తుడిస్తే గుడ్డ పసుపుపచ్చగా అయింది. ఆ మెరుపంతా పాలిష్‌ది. జిడ్డు పోయాక టేబుల్ లైటు కింద వంచి చూశాను, సాలెగూడు మాదిరి సన్న గీతలు. పాలిష్ గీతల్ని నింపేస్తుంది, ఫోటోలో కనబడనివ్వదు. దాంతో పాటు గాడుల్లోకి దిగి దుమ్మును పట్టుకుని, వాయించిన ప్రతిసారీ ముల్లును కూడా తింటుంది. ముల్లు మార్చడానికి ఇంకో ఖర్చు.

ఇప్పుడు వీడియో సంగతి. అందరూ గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. కోపంతో ఆ 20 సెకన్లనే పదిసార్లు చూశాను. అప్పుడు తట్టింది. 'టేక్ ఫైవ్' మొదటి వైపు మూడో పాట, ఆ వైపుకు అదే చివరిది. రికార్డు బయటి అంచు నుంచి లోపలికి పాడుతుంది కాబట్టి ఆ పాట వచ్చేసరికి ముల్లు లేబుల్‌కు దగ్గరగా ఉండాలి. ఆయన వీడియోలో ముల్లు బయటి అంచు మీదే ఉంది! వినిపించిన పాట వేరే ఫోన్‌లోంచో స్పీకర్‌లోంచో పెట్టినది. నేను చిన్నప్పటి నుంచి వింటున్న రికార్డు. పాట వింటూ కళ్ళు మూసుకున్నాను గానీ ముల్లు ఎక్కడుందో చూడలేదు. మీరు వీడియో అడిగితే, ముల్లు పెట్టే దగ్గర నుంచి ఆపకుండా ఒకే షాట్ అడగండి. ఏ పాట ఏ వైపు ఎన్నోదో ముందే చూసుకోండి. వాద్యాలు తగ్గి నెమ్మదించే చోటు వినిపించమనండి, చిటపటలు అక్కడ దాగవు. 'టేక్ ఫైవ్'లో జో మొరెల్లో డ్రమ్స్ సోలో ఉంది, మధ్యమధ్య ఖాళీ వదిలి కొడతాడు. అది వింటే ప్లేటు బండారం బయటపడుతుంది.

ఫోటోలు అడిగేటప్పుడు అట్ట నాలుగు అంచులూ, వెన్నూ, లోపలి కాగితం కవరూ, లైటుకు ఏటవాలుగా పట్టుకున్న ప్లేటూ అడగండి. లేబుల్‌కూ ఆఖరి గాడికీ మధ్య నున్నటి చోటు ఉంటుంది కదా, అక్కడ చెక్కిన అక్షరాలు తప్పకుండా అడగండి. ఆ కాలం కొలంబియా ఎల్పీల్లో మోనోకు ఎక్స్ఎల్పీ, స్టీరియోకు ఎక్స్ఎస్ఎం అని మొదలవుతుంది. బ్లూ నోట్ అనే జాజ్ కంపెనీ రికార్డులైతే వాటిని రికార్డు చేసిన ఇంజనీరు రూడీ వాన్ గెల్డర్ పేరు కానీ ఆర్వీజీ అనే పొడి అక్షరాలు కానీ చాలావాటికి ఉంటాయి. అట్ట మార్చడం తేలిక, ప్లేటు మీది చెక్కుడు మార్చడం కుదరదు. అట్ట మీద బార్‌కోడ్ ఉండి యాభైల నాటిదని ఎవరైనా అంటే ఫోన్ పెట్టేయండి.

మొదటి ప్రెసింగ్ పిచ్చి గురించి నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. మనం సంగీతం వినేవాళ్ళం. శుభ్రంగా ఉన్న డెబ్బైల కాపీ, లేదా ఈ మధ్య కొత్తగా వేసినది, అరిగిపోయిన మొదటి ప్రెసింగ్ కన్నా వంద రెట్లు బాగా పాడుతుంది. కలకత్తా డమ్‌డమ్ ఫ్యాక్టరీలో గ్రామఫోన్ కంపెనీ వేసిన ఆర్మ్‌స్ట్రాంగ్, ఎల్లింగ్టన్ రికార్డులు నా దగ్గర ఉన్నాయి, చవకగా దొరికినవి, హాయిగా వింటున్నాను. "ఫోన్‌లో ఫ్రీగా వస్తుంది కదా, ఇదెందుకు" అని అడిగేవాళ్ళు ఉంటారు. బస్సులో నేనూ ఫోన్‌లోనే వింటాను. కానీ సాయంత్రం ఇంటికొచ్చి, స్నానం చేసి, ప్లేటు పెట్టి కూర్చుంటే 20 నిమిషాలు ఇంకో పని చేయబుద్ధి కాదు. రోజుకు ఆ 20 నిమిషాలు నాకు కావాలి. అలాంటి దాని కోసం అప్పు చేసి కొనడం మాత్రం వద్దు. నేను చేయలేదు, చేసినవాళ్ళు తెలుసు.

సరుకు జిడ్డుగా వస్తే ఏం చేయాలో కూడా చెప్తాను. డిస్టిల్డ్ వాటర్ బ్యాటరీ షాపుల్లో దొరుకుతుంది. అందులో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి, మెత్తటి గుడ్డతో గాడి వెంబడే గుండ్రంగా తుడవండి, తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో మళ్ళీ. లేబుల్ తడవనివ్వకండి. నీడలో ఆరబెట్టండి. మన ఎండలో, అదీ ఏప్రిల్, మే నెలల్లో, కిటికీ పక్కన ఒక మధ్యాహ్నం పెట్టినా ప్లేటు వంకర తిరుగుతుంది. తాతల నాటి 78 స్పీడు ప్లేట్లకు మాత్రం స్పిరిట్ తగలనివ్వద్దు. అవి లక్కతో చేసినవి. వడ్రంగులు పాలిష్ కోసం లక్కను స్పిరిట్లోనే కరిగిస్తారు, ప్లేటు కూడా అట్లాగే కరిగిపోతుంది.

ఫోన్ చేసి నిలదీస్తే ఆయన "పాత సరుకన్నాక ఇట్లనే ఉంటాది గదన్నా" అన్నాడు. లేబుల్ సంగతి అడిగాను. ఫోన్ కట్ అయింది, మళ్ళీ కలవలేదు, గ్రూపులోంచి కూడా వెళ్ళిపోయాడు. రెండు రోజులు టెన్షన్ పడుతూ ఊరికే కూర్చుని తర్వాత సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. ఆ రెండు రోజులు మీరు ఆగకండి. ఎంత తొందరగా చెప్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. డబ్బు వేసిన రసీదు, చాట్, ఫోటోలు ఏవీ తీసేయకండి. పార్శిల్ విప్పేటప్పుడు మొదటి ముడి నుంచే వీడియో తీసుకోండి. నేను తీయలేదు. నా డబ్బు ఇంకా రాలేదు.

ఇంకొక్క మాట, దీనికోసమే ఇదంతా రాశాను. ఆ రికార్డు మీకు ఎందుకు కావాలో అమ్మేవాళ్ళకు చెప్పకండి. మామ గుర్తు, నాన్న గుర్తు అని చెప్పగానే ధర పెరుగుతుంది, మన చూపు తగ్గుతుంది. ఆయన మొదటి ఫోన్లో ధర చెప్పకముందు అడిగిన ప్రశ్న "ఇది నీకెందుకన్నా అంత ఇష్టం?" అని. బెంగళూరు అని చెప్తూ సీమ మాట మాట్లాడి ఈ ప్రశ్న అడిగే మనిషి ఎవరికైనా ఫోన్ చేసి ఉంటే, డబ్బు వేయకముందు ఆ ఫోటోలు, వీడియో నాకు పంపండి. సాయంత్రం ఏడు దాటాక ఇంట్లోనే ఉంటాను. లేబుల్, చెక్కుడు, ముల్లు ఉన్న చోటు, మూడూ చూసి చెప్తాను.