కడపలో ఆదివారం పొద్దున: లాడ్జిలో పోయిన మ్యాచ్, టిఫిన్ కొట్టులో దొరికింది

కడపలో రాత్రి బస చేయాలనుకునేవాళ్ళు గది మాట్లాడుకునే ముందు ఇది ఒకసారి చదవండి. ఫోన్‌లో 3,800కి ఒప్పుకున్న రెండు గదులకు మా దగ్గర 5,300 తీసుకున్నారు. డబ్బు పోతే పోయింది, మళ్ళీ సంపాదించుకుంటాం. కానీ మా మేనల్లుడు పదమూడేళ్ళవాడు తెల్లవారుజామున లాడ్జి మెట్ల మీద ఫోన్ పట్టుకుని కూర్చున్న తీరు మాత్రం నేను మర్చిపోలేను.

మా అక్కా బావా లాస్ ఏంజలస్ దగ్గర ఉంటారు. ప్రొద్దుటూరులో బావ వాళ్ళ తరఫు పెళ్ళికి వచ్చారు. పెళ్ళి అయ్యాక 2025 నవంబర్ 1న, శనివారం, డ్రైవర్‌తో కారు మాట్లాడుకుని గండికోట, కడప, ఒంటిమిట్ట చూసి అనంతపురం వెళ్ళిపోదామనుకున్నాం. కారుకు రోజుకు 3,500, డీజిల్ మాది. నాన్న, నేను, మా ఆవిడ, అక్క, బావ, పిల్లాడు, మొత్తం ఆరుగురం. గండికోట గురించి ఒక్క మాట చెబుతాను. పెన్నా లోయ అంచుకు సాయంత్రం నాలుగున్నర తర్వాత వెళ్ళండి. ఎండ పక్కకు వాలి రాయి ఎర్రబడుతుంది. మధ్యాహ్నం వెళితే ఏమీ కనపడదు, తలనొప్పి తప్ప. మాధవరాయస్వామి గుడి, మసీదు, ధాన్యాగారం మూడూ చూడాలంటే రెండు గంటలు కావాలి.

ఇక అసలు సంగతి. మా మేనల్లుడికి బేస్‌బాల్ అంటే ప్రాణం. వాళ్ళ ఊరి జట్టు డాడ్జర్స్. ఆ జట్టూ, టొరంటో బ్లూ జేస్ జట్టూ ఆడుతున్న వరల్డ్ సిరీస్, అంటే బేస్‌బాల్ ఫైనల్, మూడు, మూడు మ్యాచ్‌లతో సమానమైంది. ఏడోది, ఆఖరిది, టొరంటోలో శనివారం రాత్రి. మనకు ఆదివారం పొద్దున అయిదున్నర. బావ అమెరికాలో కట్టిన సబ్‌స్క్రిప్షన్ ఫోన్‌లో ఇక్కడా పనిచేస్తోంది. కావలసిందల్లా నెట్ ఒక్కటే. అందుకే వారం ముందు లాడ్జికి ఫోన్ చేసినప్పుడు నేను అడిగిన మొదటి ప్రశ్న గది ఎంత అని కాదు, వైఫై ఉందా అని. ‘ఫుల్ వైఫై సార్, రూములోనే వస్తుంది’ అన్నాడు. పొద్దున అయిదు గంటలకు కావాలి అని చెప్పాను. ‘ఇరవై నాలుగ్గంటలూ సార్’ అన్నాడు. 2,000 అడ్వాన్సు ఫోన్‌పే చేశాను.

శనివారం రాత్రి ఏడున్నరకు దిగేసరికి కౌంటర్‌లో వేరే మనిషి. గది 1,900 కాదు, 2,400 అన్నాడు. కార్తీక మాసం, శని ఆదివారాలు, అందుకే ఆ రేటంట. ఫోన్‌లో చెప్పిందేమిటని అడిగితే ‘చెప్పినోడు ఇప్పుడు డ్యూటీలో లేడు’ అన్నాడు. పిల్లాడికి పరుపు వేయించడానికి ఇంకో 500. నాన్నకు డెబ్బై రెండేళ్ళు, పొద్దుటినుంచి కారులో కూర్చుని కాళ్ళు వాచాయి. ఆ టైములో ఇంకో లాడ్జి వెతికే ఓపిక ఎవరికీ లేదు. అది ఆ మనిషికి బాగా తెలుసు. బాత్‌రూములో బకెట్ పగిలి ఉంది, దుప్పట్లు తడి వాసన. వేడినీళ్ళు పొద్దున ఆరు నుంచి ఎనిమిది వరకే. ఇవన్నీ సర్దుకున్నాం.

వైఫై పాస్‌వర్డ్ అడిగితే ‘పొద్దున ఇస్తాం సార్’ అన్నారు. అప్పుడే గట్టిగా నిలబడి తీసుకోవాల్సింది. అలసిపోయి పడుకున్నాను.

అయిదుంబావుకు పిల్లాడు నన్ను లేపాడు. అప్పటికే నీలం చొక్కా వేసుకుని ఉన్నాడు, వీపు మీద 17, డాడ్జర్స్ ఆటగాడు ఒహ్తానీ నంబరు. కిందికి వెళితే రిసెప్షన్ సోఫాలో ఒక కుర్రాడు నిద్రపోతున్నాడు. లేపితే, రౌటర్ మేనేజర్ గదిలో ఉంది, తాళం ఆయన దగ్గర ఉంది, ఆయన తొమ్మిదికి వస్తారు అన్నాడు. ఫోన్ చేయమంటే స్విచాఫ్. గదిలో మొబైల్ సిగ్నల్ ఒక గీత, అదీ వస్తూ పోతూ. టీవీ పెడితే నీలం తెర. కుర్రాడి తప్పేమీ లేదు, వాడి మీద అరవడం కూడా నాకు ఇష్టం లేకపోయింది. డబ్బు తీసుకున్నవాడు ఇంట్లో హాయిగా నిద్రపోతున్నాడు, మేం మాత్రం మెట్ల మీద నిలబడ్డాం.

రెండో అంతస్తు మలుపు దగ్గర కిటికీ పక్కన కొంచెం సిగ్నల్ దొరికింది. బావ, పిల్లాడు, నేను ముగ్గురం అక్కడే కూర్చున్నాం. బొమ్మ రెండు సెకన్లు కదిలి పది సెకన్లు ఆగుతోంది. మూడో ఇన్నింగ్స్‌లో, అంటే మూడో వంతులో, బంతి వేస్తున్నది ఒహ్తానీయే. టొరంటో బ్యాటర్ బిషెట్ బ్యాట్ ఊపాడు, అక్కడే బొమ్మ ఆగిపోయింది. మళ్ళీ కదిలేసరికి ముగ్గురు పరుగు తీసి వచ్చేశారు, స్కోరు 3-0. పిల్లాడు ఏడవలేదు, మాట్లాడలేదు. ఫోన్ మోకాలి మీద బోర్లా పెట్టి గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. బావ వాడి తల మీద చెయ్యి వేసి, ‘పద, బయటికి పోదాం’ అన్నాడు.

అలా ఆరున్నర దాటాక ఏడు రోడ్ల కూడలి వైపు నడుస్తుంటే ఒక చిన్న టిఫిన్ కొట్టు కనిపించింది. రేకుల చూరు, నాలుగు బల్లలు, ముందు పెద్ద పెనం. ఫోన్‌లో సిగ్నల్ నిండుగా ఉంది. నేను మొహమాటపడుతూనే కొట్టు నడిపే పెద్దాయనతో చెప్పాను: మాకు మూడు గంటలు కూర్చోవడానికి చోటు కావాలి, పిల్లాడు మ్యాచ్ చూడాలి, తింటూనే ఉంటాం. ఆయన పెనం మీద నీళ్ళు చిలకరిస్తూ వాడి మొహం చూశాడు. ‘మూడు గంటలేంది, పొద్దుగూకేదాకా కూచోండి నాయనా. ఏం ఆట అబ్బీ అది?’ అన్నాడు. గోడవారగా ఉన్న బల్ల తుడిపించి, స్టీలు జగ్గు తెచ్చి దానికి ఫోన్ ఆనించి పెట్టింది కూడా ఆయనే.

ఆ కొట్టు దోసె గురించి చెప్పకపోతే పాపం. కడప కారం దోసె చాలా చోట్ల తిన్నాను. చాలామంది ఎర్రకారం పల్చగా పూసి వదిలేస్తారు. ఈయన పిండి పోసి, తిప్పి, అంచులు ఎండే దాకా ఆగాడు. ఎండుమిర్చి, ఉల్లి, వెల్లుల్లి కలిపి నూరిన ముద్దను గరిటె వెనకతో మధ్య నుంచి అంచుకు నెట్టాడు. ఎక్కడా తెల్లమచ్చ లేదు. దాని మీద పప్పుల పొడి, చివర్లో ఒక చెంచా నెయ్యి. మడిచేటప్పుడు చిన్న చప్పుడు వచ్చింది. కారం నాలుక మీద కాదు, మింగాక గొంతులో తగులుతుంది. మా అనంతపురం ఉగ్గాని బజ్జీని ఎవరి ముందూ తగ్గించని మనిషిని నేను, అయినా ఈ దోసెకు దండం పెడతాను. ఒకటి 60 రూపాయలు. ఇంట్లో కారం ముట్టని మేనల్లుడు రెండు తిన్నాడు, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ.

ఎనిమిదింటికి నాన్న, అక్క, మా ఆవిడ కూడా అక్కడికే వచ్చారు. నాన్న మొహం మాడ్చుకుని ఉన్నారు. కార్తీక ఆదివారం, పెందలాడే ఒంటిమిట్ట రాముణ్ణి చూడాలని ఆయన, ఇక్కడ మనకు తెలియని ఆట. దర్శనం అయ్యేదాకా ఏమీ తినరు, టీ మాత్రం తాగారు. అప్పటికి 4-2, మావాళ్ళు వెనకబడే ఉన్నారు. ‘ఇంకెన్ని ఓవర్లు?’ అని అడిగారు. పిల్లాడు సగం తెలుగులో, సగం చేతులతో చెప్పాడు. ఓవర్లు ఉండవు తాతయ్యా, ముగ్గురు అవుటైతే మన వంతు అయిపోయింది, ఇలా తొమ్మిది వంతులు, సమానమైతే తేలేదాకా ఆడతారు, డ్రా లేదు. దోసెలు వేస్తున్న పెద్దాయన గరిటె ఆపి విన్నాడు. ‘అట్లయితే ఆఖరి మనిషి అవుటయ్యేదాకా ఆట మిగిలే ఉన్నట్టు’ అన్నాడు. అంతే కదా మరి.

ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మావాళ్ళ మన్సీ బంతిని గోడ దాటించి హోమ్ రన్ కొట్టాడు, 4-3. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మొదటివాడు అవుట్. ఇంకో ఇద్దరు అవుటైతే అంతా అయిపోయినట్టే. అప్పుడొచ్చాడు రోహాస్. వయసు 36, బ్యాటింగ్ వరుసలో అందరికన్నా చివర ఉన్నవాడు. అతని మీద పిల్లాడికే ఆశ లేదు. బంతి ఎడమవైపు గోడ దాటి ప్రేక్షకుల్లో పడింది, 4-4. పిల్లాడు బెంచీ మీదికి ఎక్కేశాడు. అరుపుకు రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగారు. టీ కోసం వచ్చిన ఆటో డ్రైవర్లు ముగ్గురు, మా కారు డ్రైవరు, పార్శిల్ కోసం నిలబడ్డ ఒకావిడ, అందరూ ఆ చిన్న తెర ముందు చేరారు.

ఆ తర్వాత అరగంట చెప్పనలవి కాదు. తొమ్మిదో ఇన్నింగ్స్ రెండో సగంలో టొరంటోవాళ్ళు మూడు బేస్‌లూ, అంటే పరుగు దారిలో ఆగే మూడు చోట్లూ, నింపేశారు, ఒక్క పరుగు వస్తే మావాళ్ళ పని అయిపోయినట్టే. రోహాస్ బంతి అందుకుని తడబడి, పరుగు పూర్తయ్యే హోమ్ ప్లేట్‌కు విసిరాడు, వెంట్రుకవాసిలో అవుట్. తర్వాతి బంతి పైకి లేస్తే సెంటర్ ఫీల్డ్‌లో పాహెస్ తన జట్టువాణ్ణే గుద్దుకుని మరీ పట్టుకున్నాడు. అప్పటికి బంతి వేస్తున్నది యామమోతో. ముందు రోజే ఆరో మ్యాచ్‌లో 96 బంతులు వేసినవాడు. బావ ఆ మాట చెబితే నాన్న లెక్కకట్టి, ‘పదహారు ఓవర్లు వేసి, తెల్లారి మళ్ళీ వచ్చాడా!’ అన్నారు. అక్కణ్ణుంచి ఆయన ఒంటిమిట్ట మాట ఎత్తలేదు.

పదకొండో ఇన్నింగ్స్‌లో ఇద్దరు అవుటయ్యాక విల్ స్మిత్ హోమ్ రన్. 5-4. ఆట మొత్తంలో డాడ్జర్స్ ముందుకొచ్చింది అదే మొదటిసారి. చివర్లో టొరంటో మనుషులు ఒకటో బేస్‌లో ఒకరు, మూడో బేస్‌లో ఒకరు. బ్యాట్ విరిగింది, బంతి నేల మీద దొర్లింది, బెట్స్ అందుకుని రెండో బేస్ తొక్కి మొదటి బేస్‌కు విసిరాడు. ఒకే దెబ్బకు ఇద్దరు అవుట్, డాడ్జర్స్ గెలిచింది. తొమ్మిదిన్నర దాటింది. పిల్లాడు వాళ్ళ నాన్న మెడ పట్టుకుని ఏడుస్తున్నాడు. బావ ఏడుస్తూనే దోసెల పెద్దాయన్ను కౌగిలించుకున్నాడు, ఆయన చేతుల పిండి బావ చొక్కా నిండా. ఆటో డ్రైవర్లు ఈలలు. నాన్న చప్పట్లు కొట్టారు. అక్క ఫోన్‌లో తీయబోయి తీయలేక చేతులు వణుకుతూ నిలబడింది. పెద్దాయన అందరికీ టీ పోయించి, ‘ఈరోజు ఇంకో ఫైనల్ ఉంది, మరిచిపోవద్దండి. మా కడప పిల్ల శ్రీచరణి ఆడతాంది’ అన్నాడు.

బిల్లు: కారం దోసెలు పదకొండు 660, ఇడ్లీ మూడు ప్లేట్లు 90, టీలు పద్నాలుగు 168. మొత్తం 918. ఆయన 900 తీసుకున్నాడు. చివర్లో అందరికీ పోసిన టీలు లెక్కలో వేయలేదు. మూడు గంటలు నాలుగు బల్లల్లో ఒకటి మాదే అయినా, ఒక్కసారి కూడా లేవమనలేదు.

లాడ్జికి వెళ్ళేసరికి మేనేజర్ వచ్చాడు. అడ్వాన్సు పోను 3,300 కట్టమన్నాడు. వైఫై సంగతి అడిగితే ‘ఇప్పుడు ఆన్ చేశాం సార్’ అన్నాడు. కట్టి బయటికొచ్చాం. మీరు మాత్రం రేటు వాట్సాప్‌లో రాయించుకోండి, అడ్వాన్సు 500 మించి పంపొద్దు, గదిలో అడుగుపెట్టగానే మీకు కావలసింది పనిచేస్తోందో లేదో చూశాకే సామాను దించండి. రెండో రాత్రి రైల్వే స్టేషన్ రోడ్డులో వేరే చోట దిగాం. గది 2,000, చెప్పింది అంతే, తీసుకుంది అంతే. దుప్పట్లు ఉతికినవి, వైఫై పాస్‌వర్డ్ తలుపు వెనకే అంటించి ఉంది.

ఒంటిమిట్ట కడప నుంచి పాతిక కిలోమీటర్లు. జనం ఉన్నా గంటలోపే దర్శనమైంది. ఒకే రాతిలో సీతారామలక్ష్మణులు, పక్కన హనుమంతుడు లేని గుడి. మండపం స్తంభాల దగ్గర నాన్న పిల్లాణ్ణి కూర్చోబెట్టుకుని అరగంట కథ చెప్పారు. పొద్దుట ఆయన మొహంలో ఉన్న కోపం ఎక్కడ పోయిందో పోయింది.

రాత్రి మహిళల క్రికెట్ ప్రపంచకప్ ఫైనల్. నవీ ముంబైలో వాన వల్ల రెండు గంటలు ఆలస్యంగా మొదలై అర్ధరాత్రి దాకా సాగింది. శ్రీచరణి ఎవరో తెలియని మేనల్లుడు, ఆ అమ్మాయి దక్షిణాఫ్రికా బ్యాటర్ బాష్‌ను సున్నాకే ఎల్‌బీడబ్ల్యూ చేసినప్పుడు మంచం మీద గెంతాడు. మనవాళ్ళు 298 కొట్టి, దక్షిణాఫ్రికాను 246కే అవుట్ చేసి, 52 పరుగులతో గెలిచారు. మన మహిళల జట్టుకు ఇదే మొదటి ప్రపంచకప్. బయట వీధిలో టపాసులు మోగుతుంటే నాన్న కిటికీ తెరిపించారు.

సోమవారం బయల్దేరే ముందు పిల్లాడు పట్టుబట్టి మళ్ళీ అదే కొట్టుకు తీసుకెళ్ళాడు. పెద్దాయన అడగకుండానే అదే బల్ల తుడిచి, జగ్గు తెచ్చి పెట్టాడు. ‘ఈరోజు ఆట లేదా అబ్బీ?’ అన్నాడు. వాడు తల ఊపి, ‘అయిపోయింది తాతా, మళ్ళీ మార్చిలో’ అన్నాడు.

‘సరే, అప్పుడు రాండి’ అని పెనం మీద నీళ్ళు చిలకరించాడు.