క్షిపణిని తిప్పేది రెక్కలా, మంటా?

విమానాల దగ్గరి పోరులో శత్రువు పక్కనే ఉంటే, క్షిపణి లాంచర్ వదిలిన వెంటనే తిరగాలి. అసలు చిక్కు అక్కడే.

మలుపు: రెక్కలకు గాలి పట్టు కావాలి, అంటే ముందు వేగం పుంజుకోవాలి. థ్రస్ట్ వెక్టరింగ్‌కు ఆ గొడవ లేదు. నాజిల్ (మంట బయటికొచ్చే మూతి) దగ్గరి చిన్న పలకలు మంటనే పక్కకు మళ్లిస్తాయి, తోక గిర్రున తిరుగుతుంది.

మోటారు ఆరాక: పలకలు ఉత్త బరువు. రెక్కలు మాత్రం చివరిదాకా పనిచేస్తాయి. అందుకే రష్యా ఆర్-73, అమెరికా ఏఐఎం-9ఎక్స్ క్షిపణులు రెక్కలూ పలకలూ రెండూ పెట్టుకున్నాయి.

ఖర్చు: రెక్కలదే చవక. పలకలు మంటలో కరగకుండా నిలవాలి మరి. థ్రస్ట్ వెక్టరింగ్‌తో అమెరికా నేవీ మొదలుపెట్టిన ఎజైల్ క్షిపణి ప్రాజెక్టు ఖర్చు భారమై 1975లో రద్దయింది.

రిస్క్: అంత గట్టిగా తిరిగితే వేగం హరించుకుపోతుంది. బ్రిటన్ క్షిపణి ఆస్రామ్ తోక రెక్కలతోనే సరిపెట్టుకుని, 166 మిల్లీమీటర్ల లావు మోటారుతో వేగాన్నే నమ్ముకుంది. నాకైతే అది తెలివైన బేరమే అనిపిస్తుంది.

ముందుగా, కాస్త దూరం నుంచే కొట్టేయాలంటే ఆస్రామ్ దారి. హెల్మెట్ సైట్‌తో (పైలట్ తల తిప్పి చూసిన వైపే గురిపెట్టే పరికరం) పక్కకు చూసి దగ్గర్లోనే పేల్చాలంటే మంటను మళ్లించడం బాగా కలిసొస్తుంది.