మేక తోలు గాటు పడకుండా ఒలవాలంటే ఏ కత్తి మంచిది? ఆర్నెల్లు వాడాక రాస్తున్నాను

మాది గజపతినగరం దగ్గర చిన్న ఊరు. మటన్ కొట్టు నాన్న పెట్టింది, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. ఆదివారం నాలుగైదు మేకలు, మామూలు రోజుల్లో ఒకటి. తోళ్ళ రేటు బాగా పడిపోయాక ఆ సంగతి నేనూ పట్టించుకోవడం మానేశాను, ఎలా వస్తే అలా లాగేసి మూల పడేసేవాడిని. కానీ పక్క ఊళ్ళో డప్పులు కట్టే మావయ్య ఉన్నాడు, దసరా వెళ్ళిన మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను పండగ కాబట్టి దానికి ముందు రెండు నెలలు ఆయనకి ఊపిరాడని పని, తోళ్ళు మా కొట్టు నుంచే తీసుకెళ్తాడు.

పోయిన ఏడాది నేనిచ్చిన తోలు ఒకటి బిగించి ఆరబెట్టాక నన్ను పిలిచి ఎండకి అడ్డంగా పట్టాడు. "ఏటిరా అల్లుడూ, ఇంత మంచి తోలు ఇలగ సేసీసినావు? ఇటు సూడు, ఎండ ఎలగ దూరిపోతందో" అన్నాడు. చూస్తే బొక్క కాదు, వెంట్రుక మందాన తెల్లటి గీత. కత్తి మొన సగం లోతుకి దిగి ఆగిపోయిన చోటు అది. పచ్చిగా ఉన్నప్పుడు అది కంటికి కనపడదు, వేలికీ తగలదు. చెక్క చట్రం మీద లాగి కట్టి ఆరాక మాత్రం ఆ గీత కన్ను ఆకారంలో తెరుచుకుంటుంది, మంట దగ్గర కాచేసరికి టప్పుమని చీలిపోతుంది. అప్పటికే ఆయన రెండు రోజుల పని దాని మీద పెట్టి ఉన్నాడు. నాకు నిజంగా బాధేసింది, ఆ మర్నాటి నుంచే కత్తుల వేటలో పడ్డాను.

ముందు నేను వాడుతున్నది మాంసం కొట్టే పొడుగు కత్తి, సూదిలాంటి మొన. గాట్లకి అసలు కారణం పదును అనుకుంటాం కానీ కాదు, ఆ మొనే. చెయ్యి ముందుకి తోసినప్పుడు అలుగు ఎక్కడుందో తెలుస్తుంది, మొన ఎక్కడుందో తెలియదు. అది తోలు మడతలో పొడుచుకుంటుంది. ముఖ్యంగా పొట్ట, డొక్కల దగ్గర తోలు పల్చగా ఉంటుంది కాబట్టి సగానికి పైగా గాట్లు అక్కడే పడతాయి.

తర్వాత ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పించాను. వెన్ను మీద కొక్కెం ఉన్న స్టీల్ కత్తి, వేటగాళ్ళ కత్తి అని ఫోటోలో బాగా చూపించారు. ఆ కొక్కెంలో మేక వెంట్రుకలు, కొవ్వు ఇరుక్కుపోయి రెండో కాలికే పనిచెయ్యడం మానేసింది, శుభ్రం చెయ్యబోతే వేలు తెగింది. వెనక్కి తీసుకోమంటే వాడిన వస్తువు తీసుకోం అన్నారు. కొక్కెం ఉన్నవి కొనకండి.

విశాఖలో పెద్ద కొట్టు ఉన్న స్నేహితుడి దగ్గర విక్టోరినాక్స్ వాళ్ళ తోలు ఒలిచే కత్తి ఉంది, 1884లో మొదలైన స్విట్జర్లాండ్ కంపెనీ అది. రెండు ఆదివారాలు అడిగి తెచ్చుకుని వాడాను. వెడల్పాటి అలుగు, ముందుభాగం వంపు తిరిగి ఉంటుంది, పిడి చేతికి కొవ్వు అంటినా జారదు, తుప్పు గొడవ తక్కువ. ఏ వంకా పెట్టలేను. రోజుకి పది మేకలు కోసేవాళ్ళు కళ్ళు మూసుకుని అదే కొనుక్కోండి. నా కొట్టుకి ఆ డబ్బు ఎక్కువ, అంతే.

నేను చివరికి నిలబడింది మాత్రం రామభద్రపురం సంతకి వెళ్ళే దారిలో కొలిమి పెట్టుకున్న కమ్మరి తాత చేసిన కత్తి మీద. లారీ కమాన్ పట్టీ ముక్క సాగగొట్టి చేశాడు. అలుగు అయిదు అంగుళాలు, వెడల్పు అంగుళంన్నర, తుమ్మకర్ర పిడి, మొత్తం మూడొందల యాభై. మొన వద్దు తాతా, బొటనవేలు గోరులా గుండ్రంగా కావాలి అని చెప్పాను. ఆయన మొదట ఒప్పుకోలేదు, మొన లేనిది కత్తేంటి అన్నాడు. తోలుకి గాటు పడితే మావయ్య డప్పు ఎలా చీలిపోయిందో చెప్పాక ఇంకేం మాట్లాడకుండా మళ్ళీ కొలిమిలో పెట్టి నా ఎదురుగానే గుండ్రం చేసి ఇచ్చాడు. ఆ ఒక్క మార్పుతో నా తోళ్ళ సంగతి మారిపోయింది.

అయితే ఇది కూడా సగం పనికే. కత్తితో చెయ్యాల్సింది నాలుగు కాళ్ళ లోపలి వైపు, గొంతు నుంచి పొట్ట మీదుగా ఒక గీత, అంతవరకే. అదీ పదును పైకి ఉండేలా పట్టుకుని తోలు లోపల నుంచి బయటికి కొయ్యాలి, అప్పుడు వెంట్రుకలు తెగి మాంసానికి అంటవు. అక్కడి నుంచి పిడికిలే. ఒక చేత్తో తోలు లాగి పట్టుకుని రెండో పిడికిలి మాంసానికి, తోలుకి మధ్య తోసుకుంటూ పోతే ఒళ్ళు వెచ్చగా ఉన్నంతసేపు పొర దానంతట అదే విడిపోతుంది. చల్లారితే అతుక్కుపోతుంది, అప్పుడే మనకి కత్తి తియ్యాలనిపిస్తుంది, అప్పుడే గాటు పడుతుంది. కాబట్టి కోశాక టీకి వెళ్ళకండి. కొందరు నోటితో గాలి ఊది తోలు ఉబ్బిస్తారు, అది మాత్రం దయచేసి ఆపెయ్యండి, తినే మాంసం అది. మెడ దగ్గర, తోక దగ్గర తోలు గట్టిగా అతుక్కుని ఉంటే మాత్రం కత్తి తప్పదు. పదును మాంసం వైపు కొద్దిగా తిప్పి పెట్టండి, మాంసం మీద గీత పడినా కూరలో ఎవరికీ తెలియదు.

తాత చేసిన కత్తి లోపాలు కూడా చెప్పాలి. కడిగి తుడవకుండా వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రగా తుప్పు పట్టేస్తుంది, నేను కాస్త నూనె రాసి పెడుతున్నాను. తుమ్మ పిడి తడిస్తే జారుతుంది, సైకిల్ ట్యూబు ముక్క చుట్టాక బాగుంది. వారానికోసారి సానరాయి మీద పెట్టాల్సిందే.

ఇంకో మాట, కత్తి గురించి కాకపోయినా. తోలు వ్యాపారికి ఇచ్చేదైతే ఎండాకాలం ఆలస్యం చెయ్యకుండా కల్లుప్పు దట్టంగా పట్టించాలి, పచ్చి తోలు బరువులో దాదాపు సగం ఉప్పు పడుతుంది. నేను నౌపడ ఉప్పు బస్తా తెప్పించుకుంటాను. డప్పుకి ఇచ్చే తోలుకి మాత్రం ఉప్పు వెయ్యొద్దని మావయ్య గట్టిగా చెప్పాడు. ఉప్పు గాలిలో చెమ్మ లాగుతుంది, వాన పట్టిందంటే డప్పు మెత్తబడి మోగదు. అందుకే ఆయన తోళ్ళు అదే రోజు తడిగా పంపిస్తున్నాను, సున్నంలో నానబెట్టి వెంట్రుకలు గీకడం ఆయన చూసుకుంటాడు.

ఈ ఆర్నెల్లలో ఆయనకి పదహారు తోళ్ళు ఇచ్చాను, రెండే వెనక్కి వచ్చాయి, ఆ రెండూ మా తమ్ముడు పాత కత్తితో ఒలిచినవి. తమ్ముడిది ఎడమచేతి వాటం. వాడికి సరిపోయేలా ఒకవైపే పదును పెట్టి చెయ్యమని తాతకి చెప్పి వచ్చాను, వచ్చే సంతకి ఇస్తానన్నాడు.